మా మేనత్త పిండిలో యాభై కోట్లు

నేను పుట్టింది ఊత్తుకోటకు ఆరు మైళ్ళ అవతల ఒక పల్లెలో. చదివింది అయిదో తరగతి. ఆ అయిదు తరగతుల చదువుతోనే మద్రాసు వచ్చి, తినే వస్తువులను పరీక్షించే ఒక ప్రయోగశాలలో ముప్ఫయి ఒక్క సంవత్సరాలు అటెండరుగా పనిచేశాను. సీసాలనూ గాజు పళ్ళేలనూ ఆవిరితో శుద్ధి చేసే పెద్ద ఇనుప యంత్రం ఒకటి ఉంటుంది, ఆటోక్లేవు అంటారు. పందొమ్మిదేళ్ళు అది నా చేతి కింద నడిచింది, ఒక్కనాడూ పేలలేదు. మూడు డాక్టరేటు పుస్తకాల్లో కృతజ్ఞతల పేజీలో నా పేరు అచ్చయింది. ఒకదానిలో ఇంటిపేరు అక్షరం తప్పు పడింది గాని అది నేనే, కావాలంటే ఆ డాక్టరుగారినే అడగవచ్చు. ఇవన్నీ ముందుగా ఎందుకు చెప్పానంటే, ఇప్పుడు చెప్పబోయే సంగతి నమ్మడానికి కాస్త కష్టంగా ఉంటుంది. చెప్పేవాడు ఎవరో తెలిస్తే నమ్ముతారు.

సంగతి నాది కాదు, మా మేనత్త సీతాలక్ష్మిది. ఆమె కూతురు మంగను నేను చేసుకున్నాను కాబట్టి అత్తగారు కూడా, మా కాపురం ఆమె ఇంట్లోనే. పెరంబూరులో, రైలు పెట్టెల కార్ఖానాకు పోయే దారిలో, ఇంటి ముందు తిన్నె మీద ఇడ్లీ కొట్టు పెట్టింది. మామ గోవిందస్వామి కాలం చేసిన ఏడు మొదలుపెట్టి, ఎవరి సాయమూ లేకుండా ఇద్దరు పిల్లలను పెంచింది. పొద్దున అయిదున్నరకు మొదటి వాయ దిగేది. ఎనిమిది గంటల కార్ఖానా కూత వినిపించేసరికి పిండి గిన్నె అడుగు కనిపించేది. కార్ఖానాలో ఆమె ఇడ్లీ తినని ఫోర్‌మన్ లేడు.

మా అత్తకు ఒక్కటే గర్వం, తన చెయ్యి. పప్పు, బియ్యం ఎవరు నానబెట్టినా, రోటి దగ్గర ఎవరు కూర్చున్నా అడ్డు చెప్పేది కాదు. రుబ్బిన తరువాత ఉప్పు వేసి పిండి కలపడానికి మాత్రం ఆమె కుడిచెయ్యే పడాలి. ఆమె చెయ్యి పడితే పిండి పొంగుతుందనీ, అది హస్తవాసి అనీ వీధంతా నమ్మేది. మార్గశిర మాసం చలిలో పిండి పులియక ఇబ్బంది పడే ఇళ్ళవాళ్ళు సాయంత్రం పూట గిన్నెలు మోసుకొచ్చి వరుసగా నిలబడేవారు. అత్త ఒక్కొక్క గిన్నెలో చెయ్యి పెట్టి, మూడు చుట్లు తిప్పి, పంపేది. పెళ్ళిళ్ళ సీజనులో మోచేతి దాకా పిండే. ఇరవై రెండేళ్ళలో మంగను ఒక్కసారి కూడా కలపనివ్వలేదు. మంగ అడిగితే, నీ చేతికి ఇంకా వయసు రాలేదనేది. అప్పటికే మంగ కూతురు పెద్దమనిషయింది.

పందొమ్మిది వందల డెబ్బయి మూడులో, అరవవాళ్ళ ఆడి నెలలో ఒక గురువారం నాడు కార్ఖానాలో పనిచేసే పదకొండు మంది వాంతులతో పడిపోయారు. ప్రాణభయం లేదు గాని, పదకొండు మందీ ఆ పొద్దున మా అత్త దగ్గర తిన్నవాళ్ళే. మధ్యాహ్నం వాళ్ళందరూ ఒక స్నేహితుడి రిటైర్మెంటు విందులో నిమ్మకాయ పులిహోర కూడా తిన్నారు. అయితే వాంతి చేసుకునే మనిషిని ఏం తిన్నావని అడిగితే పొద్దున తిన్నదే ముందు చెబుతాడు గదా. పదకొండు నోళ్ళలో మొదట వచ్చింది మా అత్త ఇడ్లీ.

మరునాడు సాయంత్రం హెల్త్ ఇన్‌స్పెక్టరు గోపాలస్వామి వచ్చాడు. రోజూ మా అత్త దగ్గర ఆరు ఇడ్లీలు తినే మనిషి. గురువారం కూడా ఆరు తిన్నాడు, ఆయనకు ఏమీ కాలేదు. అయినా రూలు రూలే అని తలవంచుకుని, ఇడ్లీ కుండ మూతకు దారం చుట్టి లక్క సీలు వేశాడు. రిపోర్టు వచ్చేదాకా కొట్టు తెరవకూడదన్నాడు. శుద్ధి చేసిన వెడల్పు మూతి సీసాలు మూడు చేతికిచ్చి, ఒకదానిలో చట్నీ, ఒకదానిలో సాంబారు, ఒకదానిలో పిండి పోసి ఉంచితే గంటలో వచ్చి పట్టుకుపోతానని చెప్పి టీ తాగడానికి పోయాడు. సీసాలు మా ప్రయోగశాలవే. ఆ ఉదయం శుద్ధి చేసింది నేనే.

శనివారం వాటిని తెరిచింది డాక్టర్ కోకిల. చింతాద్రిపేట నేతవారింటి పిల్ల, సూక్ష్మజీవుల మీద పరిశోధన చేసి పట్టా పుచ్చుకుంది. కృతజ్ఞతల పేజీలు మూడన్నాను గదా, అందులో ఒకటి ఈమెదే. చట్నీ, సాంబారు బాగానే వచ్చాయి. పిండి సీసా తలకిందులు చేస్తే ఏమీ పడలేదు. ఊపినా పడలేదు. అడుగున అరచేత్తో ఒక దెబ్బ వేసేసరికి తెల్లటి దిమ్మ ఒకటి పళ్ళెంలోకి జారింది. సీసా ఎంత ఉందో అంత ఇడ్లీ. సీసా అడుగున ఉండే నంబరు కూడా దాని మీద చక్కగా అచ్చు పడింది. డాక్టరమ్మ నావైపు చూసింది. వాసన చూసి అది మా అత్త ఇడ్లీయేనని వెంటనే గుర్తుపట్టాను. ఆ గదిలో అది గుర్తుపట్టగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఇంటికి పోయి అడిగితే అత్త తొణకలేదు.

"శుక్రవారం, దీపం పెట్టినాక, పచ్చి పిండి గడప దాటిస్తారంట్రా ఎవరన్నా? ఇంట్లో లక్ష్మి నిలస్తాదా? అందుకే సీసాతో కూడా అన్నం గిన్నెలో పెట్టి ఉడికించినా. ఆ డాక్టరమ్మ పస్తు ఉండి పనిచేస్తా ఉంటాది పాపం, తినేస్తాదిలే అనుకున్నా."

ఆదివారం పొద్దున గోపాలస్వామి స్వయంగా వచ్చి, గిన్నెలో నుంచి పచ్చి పిండి తానే తీసుకుని సీలు వేసుకుపోయాడు. నేను బంధువును కాబట్టి ఆ సీసాను ముట్టలేదు. పరీక్ష జరిగిన మూడు రోజులూ ఆ బల్ల వైపుకే పోలేదు. ముప్ఫయి ఒక్క సంవత్సరాల సర్వీసులో నా మీద ఒక్క మాట రాలేదంటే ఊరికే కాదు.

బుధవారం రిపోర్టు వచ్చింది. దోషం పులిహోరదని తేలింది. ముందురోజు రాత్రి వండి, మూత పెట్టి, వేడి వేడిగా అట్లాగే ఉంచేసిన అన్నంలో ఒక చెడ్డ సూక్ష్మజీవి పెరిగిందట. మా అత్త చట్నీ మంచిది, సాంబారు మంచిది. పిండి దగ్గర ఇట్లా రాసి ఉంది: హాని చేసేవి ఏవీ లేవు, పులియబెట్టే జీవులు గ్రాముకు యాభై కోట్లు, ఇది సహజం. ఆ కాగితం మీద కొట్టు యజమాని చదివి ఒప్పుకున్నట్టు సంతకం చేస్తే గోపాలస్వామి సీలు తీసేస్తాడు. పని అంతే.

ఆ మంచి మాట నా నోటితోనే ముందు చెప్పాలని ఆశపడి సాయంత్రం పరుగున ఇంటికి పోయాను. అత్త అన్నం తింటూ ఉంది. పాసయ్యామత్తా అన్నాను, గ్రాముకు యాభై కోట్లన్నాను.

"యాభై కోట్లు ఏందిరా?"

"సూక్ష్మజీవులు. పిండిలో ఉండేవి."

"అంటే పురుగులా?"

"పురుగులు కాదత్తా. కంటికి కనపడవు."

"కాళ్ళుండాయా?"

"లేవు."

"తోక?"

"లేదు."

"నోరు?"

"నోరు లేదు గాని, తింటాయి."

అత్త కలిపిన ముద్దను పళ్ళెంలో పెట్టేసింది. చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుని, నాకు కాదు, గోడకు చెప్పినట్టు చెప్పింది. "ఇరవై రెండేండ్లుగా పప్పు ఏడు నీళ్ళు కడిగినా. వారానికోసారి రోలు సున్నం పెట్టి తోమినా. ఈగ వాలితే పిండి పారబోసినా. నా పిండిలో ప్రాణులుండాయని నా చేత్తోనే చేవ్రాలు పెట్టమంటారా? కొట్టు మూసిపెట్టమను."

మరునాడు కాగితం తెచ్చిన గోపాలస్వామికి కూడా అదే మాట చెప్పింది. ఆయన బతిమాలాడు. అక్కా, అందరి పిండిలోనూ ఉంటాయి, మా ఇంట్లో కూడా ఉంటాయన్నాడు. మీ ఇంట్లో ఉంటాయని నాకు ఎప్పుడో తెలుసు, మీ ఆడమనిషి పప్పు కడిగేది చూసినాను అని అత్త జవాబు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుపోయాడు. ఆ రోజు నుంచి ఆయన ఆరు ఇడ్లీలూ ఎదురుగా ఉన్న తంగరాజ్ కొట్లో తిన్నాడు, అదీ మా తిన్నెకు వీపు తిప్పుకుని.

తంగరాజ్ కూడా సంతోషపడలేదు. కార్ఖానా మొత్తం ఒక్కసారిగా మీద పడేసరికి నాలుగో రోజుకు ఆయన రెండు భుజాలకూ నూనె రాసుకుని వచ్చి మా తిన్నె మీద కూలబడ్డాడు. అరవవాళ్ళు మా అత్తను ఆయా అంటారు, అవ్వ అని. ఆయాకు దండం పెడతాను, ఎన్ని కోట్లయినా ఒప్పుకొమ్మని చెప్పండి, నా రోలు అరిగిపోతా ఉంది అన్నాడు. అత్త ఆయనకు మజ్జిగ ఇచ్చి పంపించింది గాని సంతకం పెట్టలేదు.

ఆమె పట్టుదల వేరే. ప్రాణి అనేదే లేని పిండి చేసి, దానిని డాక్టరమ్మకు పంపి, అప్పుడు సంతకం పెడుతుందట. ఎట్లా చెయ్యాలో నన్నే అడిగింది. నేను తెలిసినదంతా చెప్పాను. తెలిసినవాణ్ణి అడిగితే చెప్పకుండా ఎట్లా ఉంటాను? పప్పు, బియ్యం మరిగే నీళ్ళలో ముంచి తియ్యమన్నాను. రోలును సలసలమనే నీళ్ళతో మూడుసార్లు కడగమన్నాను. మోచేతుల దాకా సబ్బు పెట్టి, వేడినీళ్ళతో కడుక్కుని కలపమన్నాను. కాచి చల్లార్చిన నీళ్ళు తప్ప వేరే నీళ్ళు తాకకూడదన్నాను. మా డిపార్టుమెంటులో ఎమ్మెస్సీ పిల్లలు కూడా ఇంత శుద్ధిగా చెయ్యలేదు.

పిండి కదలలేదు. పొద్దున చూస్తే రాత్రి గీత ఎక్కడ గీశామో అక్కడే ఉంది. ఇడ్లీ కుండకు సీలు ఉంది కాబట్టి అన్నం గిన్నెలోనే ఆ పిండితో ఇడ్లీ వేసింది. మొదటిరోజు ఇడ్లీని నేను కొరికితే అది నన్ను కొరికినట్టయింది. రెండోరోజు వాయను మంగ ఆవుకు పెడితే, ఆవు నాకి చూసి మంగ మొహం చూసింది. మూడోరోజు ఇంకా వేడినీళ్ళు, ఇంకా సబ్బు. ఆరురోజులూ నేను తిన్నాను, ఎందుకంటే పద్ధతి చెప్పింది నేనే.

ఏడోనాడు పొద్దున అత్త వంటింట్లో గిన్నె ముందు కూర్చుని ఉంది. లేవలేదు. నేను పోయి పక్కన కూర్చుంటే తన కుడి అరచెయ్యి తిప్పి చూపించింది. వేడినీళ్ళకు తోలు ఎర్రగా ఊడి ఉంది.

"నా చెయ్యి పోయిందిరా యతిరాజులూ. కొట్టు పోతే పోనీ అనుకున్నా. చెయ్యే పోయింది."

మా అత్త ఏడవడం నేను రెండుసార్లే చూశాను. ఒకటి మామ పోయినప్పుడు. నాకు ఇంకేమీ తోచక, లే అత్తా, చీర మార్చుకో అన్నాను. ఆమెను బస్సెక్కించి తిన్నగా మా ప్రయోగశాలకే తీసుకుపోయాను. పాత పిండి, అంటే ఈ వేడినీళ్ళ గోలకు ముందరిది, ఒక సీసాడు డాక్టరమ్మ ఐసుపెట్టెలో దాచి ఉంచింది.

డాక్టర్ కోకిల చాలా మంచి మనిషి. పెద్దమ్మా అని పిలిచి, స్టూలు మీద ఒక దిండు వేసి కూర్చోబెట్టి, మైక్రోస్కోపు ఆమె కంటి ఎత్తుకు సరిచేసింది. అత్త మొదట చూడాల్సిన కన్నే మూసింది. రెండో కన్ను మూయాలని చెప్పాక సరిగా చూసింది.

"పూసల దండ మాదిరి ఉండాయే," అంది చివరికి. "ఊగతాండాయి."

"అవే పెద్దమ్మా. నీ పిండిని పొంగించేది అవే. పప్పులోనుంచి వస్తాయి, రోటిలోనుంచి వస్తాయి, చేతిలోనుంచి కూడా వస్తాయి. రాత్రంతా అవి తిని గాలి వదిలితేనే పిండి లేస్తుంది. నువ్వు వేడినీళ్ళు పోసి వాటిని చంపేశావు, అందుకే లేవలేదు. నీ చెయ్యి ఎక్కడికీ పోలేదు."

ఆ దండల్లో రెండు రకాలున్నాయనీ, వాటికి లాటిన్ పేర్లున్నాయనీ డాక్టరమ్మ చెప్పింది. మొదటిదాని పేరు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. రెండోదాని అర్థం తరువాత విడిగా అడిగి తెలుసుకున్నాను. అది పొద్దున చెంబు పట్టుకుని పోయే పనికి సంబంధించిన మాట, అత్తకు చెప్పలేదు, ఇక్కడ రాయను కూడా.

అత్త మైక్రోస్కోపు వదలకుండా అడిగింది. "అన్నీ ఇవే చేస్తే, నా చెయ్యి చేసిందేంది?"

ఆమె కొట్టు, ఆమె పేరు, చలికాలం సాయంత్రాలు వీధి పొడుగునా నిలిచిన గిన్నెలు, అన్నీ ఆ ప్రశ్నలోనే ఉన్నాయి. డాక్టరమ్మ ఆలోచించి, ఊరికే మాటలెందుకు పెద్దమ్మా, పరీక్ష పెడదామంది.

అదే సాయంత్రం మామూలుగా కడిగి, మామూలుగా రుబ్బిన పిండి మూడు గాజు గిన్నెల్లో సమంగా పోశారు. ఒకదానిని చెంచాతో కలపాలి. ఒకదానిని అత్త చేత్తో. ఇంకొకటి వేరే ఎవరిదైనా చేత్తో. నేను ముందుకొచ్చాను. ముప్ఫయి ఒక్క సంవత్సరాల సర్వీసులో పరిశోధనకు సీసాలు అందించాను గాని చెయ్యి అందించే అవకాశం అదే మొదటిసారి. అత్త మూడు చుట్లు తిప్పింది. నేనూ మూడు చుట్లు తిప్పాను. గిన్నెల మీద చీటీలు అంటించి, ఒకే బల్ల మీద వరుసగా ఉంచి, గదికి తాళం వేశారు. ఆ రాత్రి అత్త ఒక ముద్ద కూడా తినలేదు.

పొద్దున ఏడింటికి తాళం తీశాము. డాక్టరమ్మ స్కేలుతో కొలిచింది గాని అత్త వేళ్ళతోనే కొలిచింది. చెంచా గిన్నె మూడు వేళ్ళు పొంగింది. అత్త గిన్నె మూడున్నర వేళ్ళు. నా గిన్నెలో పిండి ఏ మాత్రం కదలకుండా, నిన్న నేను తిప్పిన గుర్తులతో సహా అట్లాగే పడుకుని ఉంది.

డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని వాసన చూసింది. లైసాల్. ఏదైనా ముట్టుకునే ముందు తొట్టిలోని ఆ క్రిములను చంపే మందునీళ్ళలో చేతులు ముంచడం మా ప్రయోగశాల నియమం. ఆ నియమాన్ని నేను ఒక్కనాడూ తప్పలేదు. పిండిలో చెయ్యి పెట్టేముందు కూడా తప్పలేదు.

అత్త నా గిన్నెలోకి వంగి చూసింది. తరువాత నన్ను చూసింది. పదిహేను రోజుల్లో మొదటిసారి ఆమె మొహంలో నవ్వు కనిపించింది.

"కోట్లమందిని ఒక్క చేత్తో చంపినావు గదరా పాపీ. ఇంక నా వంటింటి గడప తొక్కితే చూడు."

చెంచాకూ అత్త చేతికీ తేడా అర వేలే కాబట్టి, ఒక్క పరీక్షతో ఏదీ తేల్చలేమనీ, ఇంకా పదిసార్లు చేసి చూడాలనీ డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పబోయింది. అత్త వినిపించుకోలేదు. అర వేలు అర వేలేనంది. ఆ అర వేలు తన చేతిదంది. పప్పులోవి పప్పువి, రోటిలోవి రోటివి, అర వేలు మటుకు తనవాళ్ళు. కాగితం తెమ్మంది.

గోపాలస్వామికి కబురు చేస్తే సైకిలు మీద వచ్చాడు. అత్త సంతకం పెట్టింది. నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరం దిద్ది పెట్టింది. దాని కింద, ఖాళీ జాగాలో, ఎవరూ అడగకుండానే ఇంకొక వాక్యం కూడా రాసింది: ఇందులో అర వేలు జీవులు నా సొంతం, వీటికి నేను పూచీ. ఇట్లాంటి వాక్యం రికార్డులో ఉండకూడదని గోపాలస్వామి అన్నాడు. ఆరు ఇడ్లీలు ఎక్కడ తినాలనుకుంటున్నావని అత్త అడిగింది. వాక్యం ఉండిపోయింది. ఆ ఫైలును కట్టకట్టి బీరువాలో భద్రపరిచింది నేనే.

రెండోరోజు తెల్లవారి కొట్టు తెరిచింది. కుండ మూత మీది లక్కను గోపాలస్వామి స్వయంగా పగలగొట్టాడు. తంగరాజ్ టెంకాయ కొట్టాడు. అప్పటికే యాభై కోట్ల మాట కార్ఖానా అంతా తెలిసిపోయింది. వెల్డింగు సెక్షనులో పనిచేసే అంతోని వరుసలో ముందు నిలబడి, అందరికీ వినపడేట్టు అడిగాడు.

"ఆయా, అన్ని ప్రాణులుండే ఇడ్లీ మాంసంతో సమానం గదా. శనివారం నాడు తినొచ్చా?"

వరుసంతా నవ్వింది. అత్త నవ్వలేదు. ఆ మాట ఆమెకు ఎక్కడో తగిలింది. గరిటె పట్టుకుని అట్లాగే ఆగిపోయి, గోడ దగ్గర ప్లేట్లు తుడుస్తున్న నన్ను పిలిచింది. పిండి దగ్గరికి నన్ను రానివ్వదు కాబట్టి నేను తిన్నె కిందే నిలబడ్డాను. ఆవిరిలో పెడితే అవి ఏమవుతాయని వంగి నా చెవిలో అడిగింది. నేను అబద్ధం చెప్పే మనిషిని కాను. బతకవత్తా, ఒక్కటి కూడా మిగలదు, అందుకే ఇడ్లీ ఎవరికీ చెడు చెయ్యదు అన్నాను.

కాసేపు పిండి వైపే చూసింది. ఎనిమిది గంటల కూతకు ఇంకా చాలా టైముంది గాని, వెనక నిలబడ్డవాళ్ళు ప్లేట్లు మోగిస్తున్నారు. అత్త కొంగు సర్దుకుని, పిండి గిన్నె మీద కుడిచెయ్యి ఆనించి, బిడ్డను బడికి పంపేటప్పుడు చెప్పినట్టు చెప్పింది.

"వచ్చిన పని అయిపోయిందమ్మా. పోయి రాండి."

తరువాత గరిటెడు పిండి తీసి ఇడ్లీ రేకు గుంటలో పోసింది. అంతోనికి మొదటి వాయలో నాలుగు ఇడ్లీలు పెట్టింది. వాటిలో ఒకటి కావాలనే చిన్నది.